సిల్వరు పడవకు పడిన చిల్లు

మా ఊళ్ళో అల్యూమినియం అని ఎవరూ అనరు, సిల్వరు అంటారు. సిల్వరు గిన్నె, సిల్వరు డేక్సా, సిల్వరు బిందె. నర్సీపట్నంలో ముప్పై ఏళ్ళుగా నేను అమ్మేది అవే. కొత్తవి ఇచ్చి పాతవి తూకానికి తీసుకుంటాను. అందుకని నాకొక పడవ ఉందనీ, అది సిల్వరు పడవనీ చెబితే విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత అమ్మకానికా అని అడుగుతారు. కాదు, అమ్మను. అలాగని దాన్ని చూస్తే సంతోషమూ కలగదు. ఆ పడవ దగ్గర నోరు జారి ఒక మనిషిని నీటికి దూరం చేశాను. నీటి మీద తప్ప ఇంకెక్కడా కుదురుగా కూర్చోలేని మనిషిని. ఆ తప్పును సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టిందో, ఎంతవరకు సరయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పడవ నా దగ్గరికి తుక్కుగా వచ్చింది. రిజర్వాయరులో ఏవో కొలతలు తీయించిన కాంట్రాక్టరు, పని అయిపోయాక దాన్ని గట్టు మీద వదిలేసి పోయాడట. పాత సామాన్లు కొనేవాళ్ళిద్దరు అతని మనిషి దగ్గర కొని, వ్యానుకెక్కించి తెచ్చి, "సావుకారుగారూ, పాత సిల్వరు తెచ్చేమండి" అంటూ మా షాపు ముందు దింపారు. పన్నెండడుగుల పొడవు. అడుగు చదునుగా ఉంది, ముక్కు కొంచెం పైకి లేచి ఉంది, అడ్డంగా రెండు బల్లలు ఉన్నాయి. మేం పాత గిన్నెల్ని సుత్తితో అణగ్గొట్టి బస్తాల్లో కుక్కి పంపుతాం. దీన్నీ అలాగే ముక్కలు చెయ్యాలి. సుత్తి తీసుకుని ఒక దెబ్బ వేశాను. గిన్నెలన్నీ ఒకలా మోగుతాయి. ఇది వేరేగా, లోపలెవరో పలికినట్టు మోగింది. సుత్తి కింద పెట్టేశాను.

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. ఈత రాదు. చేపల గురించి నాకు తెలిసిందల్లా మార్కెట్లో మొప్పలెత్తి చూడటమే. కానీ అప్పటికే బాగా విసిగిపోయి ఉన్నాను. పొద్దుట షట్టరు ఎత్తింది మొదలు గిన్నెల చప్పుడు, బేరాలు, తూకం దగ్గర తగువులు. ఎవరూ ధర అడగని చోట ఒక పూట కూర్చుంటే చాలనిపించేది. మా ఆవిడ పెరట్లో పడవను చూసి, "ఇంట్లో ఇద్దరు నిలబడ్డానికి చోటు లేదు, ఓడ తెచ్చేరు" అంది. నిజమే, దాని మూలంగా బట్టలు ఆరేసుకోవడానికి కూడా చోటు లేకుండా పోయింది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా షాపులో ఒక నియమం ఉంది. ఎక్కడా రాసి పెట్టలేదు, నా నోట్లోనే ఉంది. గిన్నెకు చిల్లు పడితే తప్పు వాడినవాళ్ళదే. ఎవరైనా చిల్లు గిన్నె పట్టుకొచ్చి, కొని ఏడాది కాలేదండీ అంటే, "చింతపండు పులుసు నిలవ ఉంచేశావా తల్లీ? సిల్వరులో పులుపు ఉంచకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అనేవాణ్ణి. వాళ్ళు తలొంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. చాలాసార్లు నేనన్నదే నిజం. నిజం కానప్పుడు కూడా గొంతు అదే.

తాండవ రిజర్వాయరు మా ఇంటి నుంచి బండి మీద ముప్పావు గంట. పడవను వ్యానులో తీసుకెళ్ళి గట్టు కింద దింపించుకున్నాను. వ్యాను వెళ్ళిపోయాక పడవా నేనూ మిగిలాం. ఈ చివర తోస్తే ఆ చివర తిరిగేది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కాస్త దూరంలో రాతి మీద ఒకాయన చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడు, సన్నగా, నల్లగా ఉన్నాడు. నా అవస్థ అరగంట సేపు తీరిగ్గా చూసి, వల మడిచి పక్కన పెట్టి వచ్చాడు.

"ఏటి సావుకారూ, దీన్ని నీట్లో పెడతారా, పొయ్యి మీద పెడతారా?"

నేను సావుకారునని నీకెలా తెలుసని చిరాగ్గా అడిగాను. వాళ్ళావిడ ఒకప్పుడు మా షాపులో పెద్ద డేక్సా కొన్నదట. చిల్లు పడితే పట్టుకొచ్చిందట. పులుసు నిలవ ఉంచావని నేను తిట్టి పంపించానట.

"పులుసు గాదండి బాబు," అన్నాడు నవ్వుతూ. "దాంట్లో మాం గంజి తప్ప ఏటీ కాయనేదు."

ఆయనే పడవ ముక్కు పట్టుకుని, "ముందు సెప్పులిప్పండి. పడవలోకి సెప్పుల కాళ్ళతో ఎక్కకూడదు" అన్నాడు. ఇప్పాను. ఆయన ఒక్క తోపు తోశాడు, పడవ నీళ్ళలోకి జారింది.

ఆయన పాత కర్రపడవ పుచ్చిపోయి ఏళ్ళయిందట. అప్పటి నుంచి థర్మాకోల్ ముక్కలు కట్టుకున్న తెప్ప మీదే వల వేస్తున్నాడు. తెప్ప మీద కాళ్ళు ముడుచుకుని రోజంతా తడుస్తూ కూర్చోవాలి, గాలి వస్తే వల వదిలేసి ఒడ్డుకు రావాలి. నాకు పడవ ఉంది, నడపడం రాదు. ఆయనకు నడపడం వచ్చు, పడవ లేదు. పెద్దగా మాట్లాడుకోకుండానే కుదిరిపోయింది. వారమంతా పడవ ఆయనది, నాకు తీరిక ఉన్న రోజున నేనూ ఎక్కుతాను. వలలో పడిందంతా ఆయనదే. మా ఇంటికి మాత్రం ఒక శీలావతో బొచ్చో, "అమ్మగారికి ఇయ్యండి" అని తాటాకులో చుట్టి ఇచ్చేవాడు.

చిక్కల్లా ఆదివారం దగ్గర వచ్చింది. షాపుకు సెలవు ఆదివారమే. ఆయన ఆదివారం నీటిలోకి దిగడు. వాళ్ళది తాతల నాటి నుంచి మిషను చర్చి కుటుంబం. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళాల్సిందే. రెండు ఆదివారాలు బతిమాలాను. "దేవుడికి ఒక్కరోజే గదండీ ఇస్తన్నాం" అన్నాడు. చివరికి నేనే షాపు సెలవును బుధవారానికి మార్చాను. ఏళ్ళ తరబడి సాగిన ఆదివారం సెలవు మారేసరికి వీధి వీధంతా నవ్వింది. మా ఆవిడ, "నేను చచ్చినా మార్చి ఉండరు" అంది.

ఆ బుధవారాల గురించి చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. తోసే ముందు ఆయన పడవ అంచు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. మొదట్లో నిద్ర తీరలేదేమో అనుకున్నాను. సిల్వరు చప్పుడుకు చేప బెదురుతుందని అడుగున గోనెసంచులు పరిచాడు. తెడ్డు ఆనే చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. పది దాటితే బల్ల కాలిపోయేది, గోనె తడిపి వేసుకోవాలి. ఆయన వెనక వల వదులుతుంటే నేను ముందు బల్ల మీద గాలం పట్టుకుని కూర్చునేవాణ్ణి. నా గాలానికి పడ్డవి చెప్పుకోదగ్గవి కావు. చుట్టూ కొండలు, నీటికోళ్ళు, తెడ్డు చప్పుడు. తమ్ముడితో వచ్చిన తగువులు, ఆరోగ్యం గురించిన భయాలు, ఇంట్లో ఎవరికీ చెప్పనివి ఆయనకు చెప్పేవాణ్ణి. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కోసమే వెళ్ళేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన చేసే పని ఒకటుంది. లోపల పడిన ప్రతి చుక్కా పాత లుంగీ ముక్కతో తుడిచి, దాన్ని పిండి, ముందు బల్ల కింద ఆరేసి, నీళ్ళు తోడే డబ్బాను దాని పక్కన బోర్లించేవాడు. పొయ్యి అలికి పడుకునే ఇల్లాలిలా, అది కాకుండా ఆయన రోజు ముగిసేది కాదు.

రెండో ఏడు ఆషాఢంలో గాలి మమ్మల్ని నడినీటిలో పట్టుకుంది. సిల్వరు పడవ తేలిక కదా, గాలికి నిలవదు. గిర్రున తిరిగింది. ఆయన వల వదిలేసి, నన్ను అడుగున కూర్చోబెట్టి, ఎలాగో ఒడ్డుకు తెచ్చాడు. ఇంటికి వచ్చాక నా ముఖం చూసి మా ఆవిడ ఏం జరిగిందో మొత్తం లాగేసింది. వారం తిరక్కుండా బలిఘట్టంలో తెలిసిన పంతులుగారి చేత ఒక రాగిరేకు రాయించి, పూజ చేయించి తెచ్చింది. అరచెయ్యంత రేకు, దాని మీద గీతలూ అక్షరాలూ. పడవ ముక్కులో, లోపలి వైపు, నీటికి దగ్గరగా ఉంచాలంది. దాని పైన ముందు బల్లకు దిష్టికోసం కల్లుప్పు మూట ఎర్రగుడ్డలో కట్టాలంది. అమావాస్యకు ఉప్పు మార్చాలంది.

నేనే బిగించాను. గిన్నెలకు చెవులు వేసే చెయ్యి నాది. రాగి రివిట్లు నాలుగు పట్టుకెళ్ళి, బెజ్జాలు వేసి, రివిట్ల తలలు నున్నగా అణగ్గొట్టి, సందుల్లో నీరు దూరకుండా సీలు పూశాను. ఆయన పడవ కదలకుండా పట్టుకున్నాడు.

"ఇక్కడేనా బాబు? పైన బల్లకి కొట్టుకుంటే బాగుంటాదేమో."

"నీటి దగ్గర ఉండాలన్నారు."

"అలగే" అన్నాడు. రేకుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను, పైన బల్లకు ఉప్పు మూట కట్టాను. ఆ రోజు కూడా తోసే ముందు ఆయన తన అలవాటు ప్రకారం అంచు మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరు దేవుళ్ళూ పడవలో సర్దుకున్నారులే అనుకున్నాను. నాకది ముచ్చటగా కూడా అనిపించింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఏ బాధా లేదు. వానలు వెళ్ళాక ఒక బుధవారం అరికాళ్ళు తడిగా తగిలాయి. గోనె ఎత్తి చూస్తే పలచగా నీళ్ళు. ఎండకు ఆవిరి పట్టిందేమో అన్నాను. ఆయన డబ్బా తీసుకుని తోడాడు. తర్వాతి వారం ఇంకొంచెం. కార్తీకంలో ఒక రోజు మడమల దాకా వచ్చాయి. వల సగంలో ఆపి వెనక్కి వచ్చేశాం. నాకు ఈత రాదు కదా, భయపడ్డాను. భయం ఒడ్డుకు చేరేసరికి కోపమైంది.

పడవ తిరగేయించాను. అడుగున పొడుగ్గా గీతలు, ఒరుసుకున్న మచ్చలు. గట్టు కింద అంతా రాళ్ళు, రోజూ వాటి మీద నుంచే పడవను లాగాలి. టీ బడ్డీ దగ్గర ఐదారుగురు కూర్చుని చూస్తున్నారు. వాళ్ళ ముందే అన్నాను.

"రాళ్ళ మీద ఈడవొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఈడ్చి ఈడ్చి చిల్లు పెట్టావు. నీ సొమ్ము కాదు గదా, నీకెందుకు నొప్పి?"

నా గొంతు నాకే వినిపించింది. షాపు గొంతు అది. చిల్లు పడితే వాడినవాళ్ళదే తప్పు.

ఆయన నోరు తెరిచాడు. పడవ ముక్కు వైపు కాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "సరే బాబు, అలగే అనుకోండి" అన్నాడు. వల భుజాన వేసుకుని, తెడ్డు పడవకు ఆనించి వెళ్ళిపోయాడు. ముక్కు వైపు ఎందుకు చూశాడని ఆ రోజు నేను ఆలోచించలేదు. ముఖం చాటేస్తున్నాడు, అంతే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే గొలుసూ తాళమూ కొనుక్కొచ్చి పడవను గట్టు మీది ఇనుప స్తంభానికి కట్టేశాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను.

అక్కడి నుంచి నాకు మొదలైంది అసలు చాకిరీ. అడుగున గీతలున్న చోటల్లా సీలు పూశాను. నీళ్ళు వచ్చాయి. తారు పూశాను. వచ్చాయి. రాళ్ళ మీద ఎవరూ ఈడవడం లేదు, ఎవరూ వాడటం లేదు, బుధవారం నేనొక్కణ్ణే వెళ్ళి ఒడ్డు పక్కనే తేలుతున్నాను, అయినా వారం వారం నీళ్ళు ఎక్కువవుతున్నాయే తప్ప తగ్గడం లేదు. అప్పుడైనా బుద్ధి రావాలి. పాత దెబ్బలు ఇప్పుడు బయటపడుతున్నాయిలే అనుకున్నాను. డబ్బాతో తోడి తోడి నడుం పడిపోయేది. గాలం బయటికి తియ్యనే లేదు. మాట్లాడితే ఊఁ అనేవాళ్ళు లేరు. ఇంటికొస్తే మా ఆవిడ, "చేపలాయన కనబడటం మానేశాడేం?" అని అడిగేది. మానేశాడు అనేవాణ్ణి. ఎందుకు మానేశాడో చెప్పేవాణ్ణి కాదు.

చలికాలం వెళ్ళాక పడవను వ్యానుకెక్కించి గాజువాక వైపు ఒక వెల్డింగు షెడ్డుకు తీసుకెళ్ళాను. సిల్వరుకు మామూలు వెల్డింగు పట్టదు, గ్యాసు పెట్టి చేసేవాళ్ళు కావాలి. అక్కడి మేస్త్రీ పడవను తిరగేసి అడుగంతా గోటితో తట్టుకుంటూ పోయాడు. నేను గీతలు చూపించబోతే, "ఇవి గోక్కున్న మచ్చలండీ, లోతు లేదు" అని ముందుకు పోయాడు. ముక్కు దగ్గర ఆగాడు. పడవను మళ్ళీ తిప్పించి, లోపలికి వంగి కుంకుమ పెట్టిన రేకు చూశాడు. నావైపు చూసి, "తియ్యొచ్చాండీ?" అని అడిగాడు. తియ్యమన్నాను.

రేకు కింద పడవ లేదు. తెల్లటి పిండి ఉంది, సున్నంలా. మేస్త్రీ వేలు పెడితే వేలు అవతలికి వచ్చింది.

"సిల్వరుకి రాగి తగిలించి పైన ఉప్పు కట్టేరేటండీ? తడి తగిలితే రాగి సిల్వర్ని తినేస్తాది. ఎవడండీ ఇది బిగించింది?"

నేనే అన్నాను. ముప్పై ఏళ్ళుగా సిల్వరు అమ్ముతున్నవాణ్ణి. ఎవరి గిన్నె చూసినా ఏం వండారో చెప్పేస్తానని గర్వం. నా చేత్తో, నా రివిట్లతో, నా పడవకు నేనే చిల్లు పెట్టుకుని, ఇంకొకడి మీద అరిచాను. అతుకు వేసేదాకా షెడ్డు బయట రాతి మీద కూర్చున్నాను. ఎండగా ఉందనీ, లోపలికి రమ్మనీ వాళ్ళు పిలిచినా లేవలేకపోయాను.

ఇంటికొచ్చి రేకును మా ఆవిడ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. బడ్డీ దగ్గర నేనన్న మాటతో సహా. ఆమె రేకును కడిగి తుడిచి దేవుడి గదిలో పెట్టి వచ్చింది. నీ రేకు వల్లే ఇదంతా అని నేను అంటానేమోనని కాచుకుని ఉన్నట్టుంది.

"రేకు నేనిచ్చేను. మాట మీరన్నారు" అంది.

ఆ మర్నాడే వెళ్ళి ఉండాలి. వెళ్ళలేదు. పడవను మళ్ళీ గట్టుకు చేర్చాను, తాళం వేశాను, ప్రతి బుధవారం ఏదో ఒక సాకు వెతుక్కున్నాను. పెళ్ళిళ్ళ సీజను, సరుకు దిగింది, మోకాలు నొప్పి. నా వయసులో, నా వృత్తిలో, తప్పు నాది అనడం నోటికి అలవాటు లేని పని. మూడు నెలలు అలా గడిపాను. ఆ మూడు నెలల్లో అలసిపోయినంత షాపులో ముప్పై ఏళ్ళలో అలసిపోలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం వాళ్ళ ఊరు వెళ్ళాను. రెండు గదుల రేకుల ఇల్లు. అరుగు పక్కన నా షాపు డేక్సాలో పుదీనా వేసి ఉంది, అడుగున చిల్లు ఉంది కనక నీరు నిలవదు, మొక్క ఏపుగా పెరిగింది. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆయన జీడిపిక్కలు కాల్చే చోట పనికి వెళ్తున్నాడని, అన్నానికి వస్తాడని చెప్పింది. తెప్ప ఏమైందని అడిగాను. "వయసైపోనాది గదండీ. మల్లీ ఆ నీట్లో కాళ్ళు ముడుసుకుని కూకోడం తన వల్ల కానేదు" అంది.

ఆయన వచ్చాడు. చేతులు చూశాను. జీడి పొగకూ నూనెకూ వేళ్ళు నల్లబడి, కొనలు చర్మం లేచిపోయి ఉన్నాయి. రెండు వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది. ఆ వేళ్ళతో వల ముడి పడదు. నన్ను చూసి, "ఏటి బాబు, ఇంత ఎండలో వొచ్చినారు?" అన్నాడు, నిన్న విడిపోయినట్టు.

ముందే మాటలు పేర్చుకుని వెళ్ళాను, ఒక్కటీ రాలేదు. "చిల్లు నువ్వు పెట్టింది కాదు. రేకు కింద పడింది. నేను పెట్టింది" అన్నాను.

"నాకు తెలుసు బాబు."

"ఎప్పటినుంచి?"

"వానలప్పుడే. రేకు సుట్టూ తెల్లగా బూజులాగ వొచ్చింది. యేలు పెడితే గుండ రాలింది."

"మరి నాతో చెప్పొద్దా?"

ఆయన వేలికి వదులైన గుడ్డను బిగించుకున్నాడు.

"ఎలగ సెప్తానండి? అది మీ దేవుడి రేకు. అమ్మగారు పూజ సేయించి ఇచ్చింది. మాం సర్చికి ఎల్లేవోలం. నాను తీసీమంటే ఏటనుకుంటారు? వాడికి మన దేవుడంటే పడదు, అందుకే అంటన్నాడు అనుకుంటారు. దానికన్నా రాళ్ళ మీద ఈడ్సినానన్న మాటే నయం." ఒక్కసారి నవ్వబోయి ఆగాడు. "రోజూ కూసింత మైనం కరిగించి రేకు అంచుకి రాసీవోణ్ణి. కుంకం సెదరకుండా. అలగ లాక్కొచ్చినాను."

అందుకే తాళం వేశాక నీళ్ళు ఎక్కువయ్యాయి. మైనం రాసే చేతిని నేనే తోలేశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. తప్పయిపోయింది, క్షమించు అన్నాను. ఆ రెండు మాటలు నేను ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

"అయ్యో, ఊరుకోండి బాబు. ఈడ్సినావన్నారు, పరవానేదు. నీ సొమ్ము కాదు గదా అన్నారు సూడండి." అక్కడ ఆయన గొంతు కొంచెం మారింది. "నాను నాదే అనుకున్నాను."

రమ్మని అడిగాను. వచ్చే బుధవారం నుంచి మళ్ళీ వెళ్దాం అన్నాను. తల అడ్డంగా తిప్పాడు.

"కోపం ఏటీ నేదు. అలిసిపోయినాను. మీ పక్కన కూకుంటే మల్లీ ఎప్పుడేటంటారో అని సూసుకుంటుండాల. నీటి మీదకెళ్ళి కూడా అదేటండి?"

జేబులోంచి తాళంచెవి తీశాను. నేను రాను, పడవ నీదే, నీ ఇష్టం వచ్చినప్పుడు వేసుకో అన్నాను. ఆయన చెయ్యి చాపలేదు. గోడకు, క్యాలెండరు పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. దానికి తగిలించి వచ్చేశాను. వాళ్ళావిడ నా వెనకే గేటు దాకా వచ్చి, "ఎండ కాస్త తగ్గనిచ్చి ఎల్లండి" అంది. ఆగలేదు.

రెండు నెలలు అటు వెళ్ళలేదు. ఒక రోజు రిజర్వాయరు వైపు ఊరి నుంచి బిందె కొనడానికి వచ్చినావిడ, "మీ సిల్వరు పడవ మల్లీ తిరుగుతోంది కదండీ, వలలేస్తన్నాడు ఆయన" అంది. ఎవరని అడగలేదు. ఆ బిందెకు బేరం కూడా ఆడలేదు.

షాపు సెలవును మళ్ళీ ఆదివారానికి మార్చాను. వీధి మళ్ళీ నవ్వింది.

ఇప్పుడు నేను వెళ్ళేది ఆదివారాలే. ఆయన చర్చిలో ఉండే పూట, గట్టు మీద ఆయన ఎదురుపడని రోజు. గొలుసు ఉంటుంది, తాళం మాత్రం వెయ్యడు. చెప్పులు ఇప్పి పడవలోకి ఎక్కి, ఒడ్డుకు కట్టి ఉండగానే ముందు బల్ల మీద ఓ గంట కూర్చుంటాను. గాలం తీసుకెళ్ళను. రేకు ఉన్న చోట మేస్త్రీ వేసిన అతుకు నా కాళ్ళ దగ్గర కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్ళినా పడవ లోపల చుక్క తడి ఉండదు. ముందు బల్ల కింద లుంగీ ముక్క ఆరేసి ఉంటుంది, పక్కన డబ్బా బోర్లించి ఉంటుంది. కొన్ని వారాలుగా బల్ల మీద ఒక గోనె కూడా మడత పెట్టి ఉంటోంది, నేను కూర్చునే చోట. ఎండెక్కితే కాలుతుందని. దాన్ని తడుపుకుని, వేసుకుని కూర్చుని, లేచేటప్పుడు మళ్ళీ మడిచి అక్కడే పెట్టి వస్తాను.